నలుపు తెలుపు బొమ్మల్లో నేటి ఏలికలు

రెండు నెలల కిందట ఈ శీర్షికలో ఒక పాఠకురాలికి జవాబు రాస్తూ, వార్తలు చదివి మనసు బరువెక్కిన రాత్రుల్లో నేను 1940, 1950ల నాటి హాలీవుడ్ సినిమాలు చూస్తూ కూర్చుంటానని మాటవరసకు అన్నాను. ఆ ఒక్క వాక్యం మీద తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చినన్ని ఉత్తరాలు ఈమధ్య మరే విషయం మీదా రాలేదు. అందువల్ల ఈసారి పేజీలన్నీ వాటికే ఇస్తున్నాను. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నాకు డెబ్బై నాలుగేళ్లు. మా ఇంటావిడ పోయిన తరువాత రాత్రిళ్లు నిద్రపట్టక పాత ఇంగ్లీషు సినిమాలు చూడడం అలవాటైంది. ఎన్నికల్లో గెలిచి వచ్చిన నాయకులే ఆ తరువాత కోర్టులనూ పత్రికలనూ ఎన్నికలనూ గుప్పిట పట్టడం గురించి దేశదేశాల వార్తలు చదివిన రోజున మరీ ఎక్కువగా చూస్తాను. మా అబ్బాయి దీన్ని పారిపోవడం అంటాడు. ‘డెబ్బై ఎనభై ఏళ్ల కిందటి సినిమా చూసి ఇవాళ్టి నియంతను ఎలా గుర్తుపడతావు నాన్నా’ అని అడుగుతాడు. వాడికి ఏమని చెప్పను?
(విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు, బైరాగిపట్టెడ, తిరుపతి)

జవాబు: మాస్టారూ, పారిపోవడమే అనుకున్నా, మీ వయసు మనిషి రాత్రి పదకొండు గంటలకు కాసేపు ఎక్కడికో పారిపోతే దేశానికి వచ్చే నష్టమేమీ లేదని ముందుగా మీ అబ్బాయితో చెప్పండి. అయితే అతని రెండో ప్రశ్నలో పస ఉంది. నియంతను గుర్తుపట్టడానికి ఈ సినిమాలు మనం అనుకున్నంతగా అక్కరకు రావు. తెర మీద దుర్మార్గుడు కనిపించగానే ప్రతి ప్రేక్షకుడూ తనకు గిట్టని నాయకుడి ముఖాన్ని అతనికి తగిలిస్తాడు. ఒంటరిగా నిలబడ్డ కథానాయకుడు కనిపించగానే తననో తన నాయకుణ్ణో అక్కడ చూసుకుంటాడు. 1952లో వచ్చిన ‘హై నూన్’ సంగతే తీసుకోండి. పగబట్టిన హంతకుడు మధ్యాహ్నం రైలుకు తిరిగివస్తున్నాడని తెలిసి, అప్పుడే ఉద్యోగం వదులుకుని కొత్త పెళ్లికూతురితో బయలుదేరిన మార్షల్ వెనక్కి తిరిగి, తోడు రమ్మని ఊరంతా అడిగి, ఒక్కరూ రాకపోగా ఒక్కడే నిలబడే కథ అది. అమెరికాలో కమ్యూనిస్టుల వేట ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, ఆ వేటకు స్వయంగా చిక్కిన రచయిత కార్ల్ ఫోర్‌మన్ దాన్ని రాశాడు. ఆ వేటను సమర్థించిన నటుడు జాన్ వేన్‌కు సినిమా బొత్తిగా నచ్చలేదు. కాని ఆ తరువాత రెండు పార్టీలకూ చెందిన అమెరికా అధ్యక్షులు పలువురు దాన్ని పదేపదే వేయించుకుని చూశారు. ప్రపంచంలోకెల్లా బలమైన సైన్యాన్ని చేతిలో పెట్టుకున్నవారు సైతం ఆ ఒంటరి మార్షల్‌ను తామేనని అనుకోగలిగారంటే, కథానాయకుణ్ణి చూసి మనం నేర్చుకునేది ఎంతో మీరే లెక్క వేయండి.

అందుకని నేను కొంతకాలంగా కథానాయకుణ్ణీ ప్రతినాయకుణ్ణీ వారి మానాన వదిలేసి, పక్కవేషాలను చూస్తున్నాను. ‘హై నూన్’లో హోటల్ గుమాస్తా ఒకడున్నాడు. ఆ హంతకుడూ అతని ముఠా ఊళ్లో ఉన్న రోజుల్లో హోటలు కళకళలాడుతుండేదనీ, మార్షల్ వచ్చాక బేరాలు పడిపోయాయనీ అతని బాధ. హంతకుడికి శిక్ష వేసిన న్యాయమూర్తి ఉన్నాడు. ఆయన గోడ మీది జాతీయ జెండాను మడతపెట్టి, న్యాయానికి గుర్తైన త్రాసును కూడా సంచిలో సర్దుకుని, గుర్రమెక్కి ఊరు దాటిపోతాడు. చర్చిలో ఊరి సభ జరుగుతుంది. అక్కడ పెద్దమనిషి ఒకాయన మార్షల్‌ను నోరారా పొగిడి, ఇంతటి ధైర్యవంతుడు మళ్లీ దొరకడని చెప్పి, చిట్టచివరికి, వీధుల్లో తుపాకులు పేలాయన్న మాట ఉత్తరాది పట్టణాల దాకా పాకితే మన ఊరికి పెట్టుబడులు రావు కాబట్టి ఆయన వెళ్లిపోవడమే అందరికీ మేలని తేలుస్తాడు. ఈ ముగ్గురిలో ఎవరూ తుపాకి పట్టలేదు, ఎవరూ ఎవరినీ కొట్టలేదు. ఆ పెద్దమనిషిని మన వైపు సభల్లో నేను కనీసం ఇరవైసార్లు చూశాను. ఒకటి రెండుసార్లు ఆయన మాటలు నా నోటి నుంచే వచ్చాయి. మీ అబ్బాయిని ఆ చర్చి ఘట్టం దాకా కూర్చోబెట్టండి. మొత్తం సినిమా గంటన్నర కూడా ఉండదు.

ప్రశ్న: మేము ఐదుగురం మిత్రులం హాస్టల్లో ‘ది గ్రేట్ డిక్టేటర్’ చూసి పొట్టలు చెక్కలయ్యేలా నవ్వాం. తరువాత నాకొక అనుమానం వచ్చింది. ఇవాళ ఏ నాయకుడి మీదైనా గంటలో వంద మీమ్‌లు వస్తాయి. ఆయనకు ఒక్క ఓటు కూడా తగ్గదు. ఎగతాళి వల్ల నియంతకు నిజంగా నష్టం ఉంటుందా, లేక మన కడుపుమంట అక్కడితో చల్లారిపోయి ఆయనకే మేలు జరుగుతుందా?
(పీజీ విద్యార్థి, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, తిరుపతి)

జవాబు: బాబూ, ఇటువంటి సంకోచం ఆ సినిమా తీసిన చాప్లిన్‌కే కలిగింది. ఆయన హిట్లర్ కంటే నాలుగు రోజులు పెద్ద. ఇద్దరూ 1889 ఏప్రిల్‌లో పుట్టారు. టాకీలు వచ్చి పదేళ్లు దాటినా తన సినిమాల్లోకి సంభాషణను రానివ్వని మనిషి, మొదటిసారి పూర్తి మాటల సినిమా తీసింది హిట్లర్ మీదనే. 1940 అక్టోబరులో అది విడుదలయ్యేనాటికి అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగలేదు. ఇరవై నాలుగేళ్ల తరువాత, 1964లో వెలువడిన ఆత్మకథలో, జర్మన్ నిర్బంధ శిబిరాల్లో జరుగుతున్న ఘోరం అప్పట్లో తెలిసివుంటే ఆ సినిమా తీయగలిగేవాణ్ణి కానని ఆయన రాసుకున్నాడు.

ఇక నియంతల సంగతి చూస్తే, నవ్వు తమకు చేటు అని వారికి గట్టి నమ్మకం. స్టాలిన్ మరణం ఇతివృత్తంగా వచ్చిన ఒక వ్యంగ్య చిత్రానికి ఇచ్చిన అనుమతిని 2018 జనవరిలో, తీరా విడుదల ముంగిట, రష్యా ప్రభుత్వం రద్దు చేసింది. స్టాలిన్ పోయి అప్పటికి అరవై నాలుగేళ్లు. మన దేశంలో 1975లో సెన్సారుకు వెళ్లిన ‘కిస్సా కుర్సీ కా’ అనే హిందీ వ్యంగ్య చిత్రం ఎమర్జెన్సీ కాలంలో ప్రింట్లతో సహా నాశనమైంది. దాని మీద నడిచిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దర్శకుడు అమృత్ నాహటా ఆ కథనే మళ్లీ తీయవలసి వచ్చింది.

అయినా నీ అనుమానాన్ని నేను కొట్టిపారేయను. నాయకుడి మీద విసిరిన నవ్వు నాయకుడికి తగలకపోవచ్చు. చుట్టూ ఉన్నవాళ్లకు తగులుతుంది. ఆ సినిమాలో నియంత హింకెల్ మొదటి ప్రసంగాన్ని మళ్లీ ఒకసారి చూడు. ఆయన అరిచి, దగ్గి, గుర్రుమని, మైకులు భయంతో వంగిపోయేలా యూదుల మీద విషం కక్కుతాడు. రేడియోలో దాన్ని ఇంగ్లీషులోకి మారుస్తున్న అనువాదకుడు మాత్రం, ఏలినవారు ఇప్పుడే యూదు ప్రజలను ప్రస్తావించారు అని ఒక్క ముక్కలో, ఏ ఉద్వేగమూ లేని గొంతుతో చెప్పి ఊరుకుంటాడు. మరోచోట హింకెల్ చేయి ఊపగానే జనం చప్పట్లు గొట్టం కట్టేసినట్టు టక్కున ఆగిపోతాయి. వీధిలో రాతి బొమ్మలు కూడా చేయి చాచి వందనం చేస్తుంటాయి. హింకెల్ కంటే ఆ అనువాదకుడి దగ్గరే నాకు భయం వేస్తుంది, ఎందుకంటే అతను మంచి జీతానికి మర్యాదగా పనిచేసుకుపోయే ఉద్యోగి. మీ మీమ్‌లలో నాయకుడి ముఖమే ఉంటుంది. విషాన్ని వడగట్టి మనకు వార్తగా అందించే ఆ ఉద్యోగి ముఖం ఎప్పుడైనా వేశారా?

ప్రశ్న: మా అమ్మాయి పెట్టి చూపిస్తే, రెండో ప్రపంచయుద్ధ కాలపు కథ ‘కాసాబ్లాంకా’ చూశాను. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం, ఫ్రెంచి అసలే రాదు. అయినా ఆ హోటల్లో జర్మన్ సైనికుల పాటను ముంచెత్తుతూ అందరూ లేచి ఫ్రెంచి జాతీయగీతం పాడినప్పుడు కళ్లనీళ్లు ఆగలేదు. అంతా నటన అని తెలిసి కూడా ఎందుకలా అయిందో చెప్పగలరా?
(గృహిణి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

జవాబు: అమ్మా, అంతా నటన అని నేను అనలేను. 1942లో ఆ సెట్టులో ఉన్న నటుల్లో చాలామంది హిట్లర్ బారి నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని అమెరికా చేరినవారు. కన్నీళ్ల మధ్య పాడే ఆ యువతి మడలీన్ లెబో. జూదపు బల్ల దగ్గర ఉద్యోగిగా వేసిన మార్సెల్ దాలియో అప్పటికి ఆమె భర్త. 1940లో జర్మన్ సైన్యం వచ్చిపడుతుంటే ఇద్దరూ పారిస్ విడిచి పారిపోయారు. చిత్రమేమిటంటే, నాజీ మేజరుగా వేసి మనచేత అసహ్యించుకోబడిన కాన్రాడ్ వైట్ కూడా, యూదురాలైన భార్యతో 1933లోనే జర్మనీ వదిలి వచ్చిన నటుడే.

భాష రాని పాటకు కదిలిపోవడం మన ప్రాంతానికి కొత్త కూడా కాదు. అప్పటి చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లెకు 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి, దివ్యజ్ఞాన సమాజం వారి కళాశాలలో కొన్నాళ్లు ఉండి, అక్కడి విద్యార్థుల మధ్య జనగణమన పాడారు. బెంగాలీ రాని పిల్లలు దాన్ని నేర్చుకున్నారు. ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం తెలిసినవారు కావడంతో స్వరాలు కూర్చి రాసిపెట్టారు. ఠాగూర్ అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. రెండు నెలలు తిరక్కుండానే జలియన్‌వాలాబాగ్ కాల్పులు జరిగాయి, ఆయన ‘సర్’ బిరుదును వదిలేశారు.

ఒక్క మనవి. ఈసారి చూసినప్పుడు పాట పూర్తయ్యాక టీవీ దగ్గర నుంచి లేవకండి. హోటలు మూసివేయించమని జర్మన్ మేజరు హుకుం జారీ చేస్తాడు. పోలీసు అధికారి రెనోకు కారణం దొరకదు. ఇక్కడ జూదం ఆడుతున్నారని ఇప్పుడే తెలిసి నిర్ఘాంతపోయానంటూ మూయిస్తాడు. సరిగ్గా ఆ క్షణంలో జూదపు బల్ల ఉద్యోగి వచ్చి, ఆ రాత్రి ఆయన గెలిచిన డబ్బును ఆయన చేతిలోనే పెడతాడు. నవ్వొస్తుంది. కాని నచ్చని పత్రిక మీదా, నచ్చని స్వచ్ఛంద సంస్థ మీదా ఏనాటిదో లెక్కల తప్పు పట్టుకుని దాడికి వెళ్లే అధికారులు ఏ దేశంలో ఉన్నా వారికి తాతగారు ఈ రెనోయే. ఆ డబ్బు తెచ్చి ఇచ్చినవాడు దాలియో అని గుర్తుపెట్టుకుని చూస్తే నవ్వు ఇంకాస్త చేదెక్కుతుంది.

ప్రశ్న: ‘జడ్జిమెంట్ ఎట్ న్యూరెంబర్గ్’ చూసిన తరువాత రెండు రోజులు నల్లకోటు వేసుకోబుద్ధి కాలేదు. ముద్దాయిలందరూ న్యాయమూర్తులే, అమలులో ఉన్న చట్టం ప్రకారమే తీర్పులిచ్చామన్నదే వారి వాదన. చట్టమే అన్యాయమైనప్పుడు న్యాయస్థానం ఏం చేయాలి? ఈ కాలంలో ఏ పాలకుడైనా అంత బాహాటంగా కోర్టులను లొంగదీసుకోగలడా?
(న్యాయవాది, చిత్తూరు)

జవాబు: న్యాయవాది గారూ, మీ రెండో ప్రశ్నకు జవాబు సులువు. ఈ కాలంలో బాహాటంగా చేయవలసిన అవసరమే లేదు. హంగరీలో పార్లమెంటులో మూడింట రెండు వంతుల బలమున్న ప్రభుత్వం న్యాయమూర్తుల పదవీ విరమణ వయసును డెబ్బై నుంచి అరవై రెండుకు దించింది. ఎవరినీ అరెస్టు చేయలేదు, ఎవరినీ తిట్టలేదు. 2012లో అనుభవజ్ఞులైన న్యాయమూర్తులు వందల సంఖ్యలో ఇళ్లకు వెళ్లవలసి వచ్చింది. ఆ ఏడాది నవంబరులో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం అది చెల్లదని చెప్పేనాటికి చాలా కుర్చీలు కొత్తవారితో నిండిపోయాయి. సర్వీసు నిబంధనల్లో ఒక అంకె మారిస్తే చాలినప్పుడు తుపాకి ఎందుకు? పాత సినిమాలు ఈ విద్యను ఊహించలేదు.

మొదటి ప్రశ్న కష్టమైనది. 1947లో జర్మన్ న్యాయాధికారుల మీద నిజంగా జరిగిన విచారణను ఆధారం చేసుకుని, పేర్లు మార్చి, స్టాన్లీ క్రామర్ ఆ సినిమాను 1961లో తీశాడు. ముద్దాయిల్లో యానింగ్ అనే ఆయన మూర్ఖుడు కాడు. ప్రపంచం గౌరవించిన న్యాయశాస్త్ర పండితుడు. చివర ఆయన తనకు శిక్ష వేసిన అమెరికన్ న్యాయమూర్తిని జైలు గదికి పిలిపించుకుని, లక్షల మంది చావు దాకా వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు, నమ్మండి అంటాడు. నిరపరాధి అని తెలిసి మొదటి మనిషికి మీరు మరణశిక్ష వేసిన నాడే అంతదాకా వచ్చిందని న్యాయమూర్తి బదులిస్తాడు. సినిమా అక్కడితో ఆగినా చాలు. అయితే చివర తెర మీద ఒక ప్రకటన వస్తుంది: అమెరికన్ల అధీనంలోని ప్రాంతంలో జరిగిన విచారణల్లో జైలు శిక్ష పడిన తొంభై తొమ్మిది మందిలో ఒక్కరు కూడా ఇప్పుడు జైల్లో లేరు.

మీరు చిత్తూరు వారు కాబట్టి ఈ సంగతిని ఇంకోలా చెబుతాను. మన పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి ముందు భారతం మిట్ట మీద పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది కదా. పగలు హరికథ, రాత్రి నాటకం. వస్త్రాపహరణం రాత్రి దుశ్శాసనుడి వేషగాణ్ణి ఆడవాళ్లు నిజంగానే శపిస్తారు. కాని ద్రౌపది ప్రశ్న వేసింది దుశ్శాసనుణ్ణి కాదు, సభను. అదీ న్యాయశాస్త్రానికి చెందిన ప్రశ్న: ధర్మరాజు తన్ను తాను ముందు ఓడిపోయాడా, నన్ను ముందు ఒడ్డాడా, తానే దాసుడైన తరువాత నన్ను ఒడ్డే హక్కు ఆయనకెక్కడిది? ధర్మం అతి సూక్ష్మమైనది, తేల్చి చెప్పలేనని భీష్ముడు అన్నాడు. ఎంత పెద్దరికం, ఎంత పాండిత్యం! యానింగ్ ఆ సభలో ఉంటే భీష్ముడి పక్క ఆసనం ఇచ్చేవారు. నోరు విప్పింది కౌరవుల్లోనే ఒకడైన వికర్ణుడు; నీకు ఇంకా పసితనం పోలేదని కర్ణుడు వాణ్ణి కూర్చోబెట్టాడు. మన నాటకాల్లో వికర్ణుడి వేషానికి రెండే పద్యాలు ఇస్తారనీ, అదీ పొద్దుపోతే తీసేస్తారనీ ఒక భాగవతుల ఆయన నాతో అన్నాడు.

ఆ వేషం మన కోర్టులో ఒకసారి పూర్తిగా ఆడారు. 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో నిర్బంధించిన మనిషికి హెబియస్ కార్పస్, అంటే తన నిర్బంధం చట్టబద్ధమేనా అని కోర్టు తేల్చాలని, కోరే హక్కు లేదని సుప్రీంకోర్టులో నలుగురు న్యాయమూర్తులు తీర్పు ఇవ్వగా, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. మరుసటి జనవరిలో ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనను దాటి ఆయన తరువాతి వారికి వెళ్లింది. ఆయన రాజీనామా చేశారు. నలుగురిలో ఒకరైన భగవతి 2011లో తమది తప్పేనని బహిరంగంగా ఒప్పుకున్నారు. నలుగురిలో మరొకరైన వై.వి. చంద్రచూడ్ కుమారుడే 2017లో తొమ్మిదిమంది ధర్మాసనంలో కూర్చుని, ఆ నాటి తీర్పు చెల్లదని రాశారు. ఇక మీ ఊరి కట్టమంచి రామలింగారెడ్డి గారిని ఎలాగూ మరచిపోలేం. శాసనోల్లంఘన ఉద్యమం మీద ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఆంధ్ర విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్ పదవిని వదులుకున్నారు. ఆ కుర్చీ ఆయనకు ఎంత ప్రియమైనదో తరువాత మళ్లీ ఆ పదవిలో గడిపిన ఏళ్లే చెబుతాయి. న్యాయస్థానం ఏం చేయాలని మీరు అడిగారు. నాకు కనిపించినంతలో, స్థానాలు ఏమీ చేయవు. అందులో కూర్చున్న ఒకరో ఇద్దరో చేస్తారు, మిగతావారు ధర్మసూక్ష్మం చెబుతారు.

ప్రశ్న: హాలీవుడ్‌ను మీరు హరిశ్చంద్రుడి కొలువులా వర్ణిస్తున్నారు. హిట్లర్‌తో వ్యాపారం చేసింది, సొంత రచయితలను జైలుకు పంపింది వాళ్లే కదా?
(పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి)

జవాబు: మీరు చెప్పినది నిజం, నిజానికి మీరు తక్కువే చెప్పారు. 1933 మార్చి ఆఖరులో, అంటే బెర్లిన్‌లో హిట్లర్‌కు సర్వాధికారాలు కట్టబెట్టే చట్టం ఆమోదం పొందిన నెలలోనే, ‘గాబ్రియెల్ ఓవర్ ది వైట్ హౌస్’ అనే సినిమా విడుదలైంది. కారు ప్రమాదంలో స్పృహ తప్పి లేచిన అమెరికా అధ్యక్షుడు మంత్రులను తొలగించి, చట్టసభను పక్కకు నెట్టి, సైనిక శాసనం ప్రకటించి, ముఠా నాయకులను వరసగా నిలబెట్టి కాల్పించేస్తాడు. దేశం బాగుపడుతుంది. సినిమా అతణ్ణి తప్పుపట్టదు సరికదా, దేవదూత ఆవహించాడని సూచిస్తుంది. దాని వెనుక ఉన్నది పత్రికాధిపతి హెర్స్ట్. ఆనాడు అమెరికాలో పనిచేయగల నలుగురిలో ఒకరికి పని లేదు. ఆకలిగా ఉన్నవాడికి కోర్టూ చట్టసభా అడ్డంకులుగా కనిపించడంలో వింత లేదు. ఒక్కసారి గట్టివాడు వస్తే అన్నీ చక్కబడతాయి అనే మాట మీకు టీ కొట్టు దగ్గర వినిపించినప్పుడల్లా ఆ సినిమా గుర్తుచేసుకోవచ్చు. దానిలో చెడ్డవాడు ఎవరూ లేకపోవడమే దాని చెడ్డతనం.

జర్మనీతో బేరం సంగతి. 1930 డిసెంబరులో ‘ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ అనే యుద్ధవ్యతిరేక చిత్రం బెర్లిన్‌లో ఆడుతుంటే, హిట్లర్ ప్రచార సారథి గోబెల్స్ మనుషులు హాల్లో తెల్ల ఎలుకలను వదిలి, కుళ్లు వాసన బుడ్డీలు పగలగొట్టి రభస చేశారు. వారం పది రోజుల్లో ప్రభుత్వం సినిమానే నిషేధించింది. అప్పటికి హిట్లర్ ఇంకా అధికారంలోకి రాలేదని గమనించండి. ఆ తరువాత లాస్ ఏంజెలెస్‌లో జర్మన్ కాన్సల్ గిస్లింగ్ స్టూడియోలకు ఉత్తరాలు రాస్తూ, జర్మనీని కించపరిచే సినిమా ఎక్కడ తీసినా మీ సినిమాలన్నిటికీ మా మార్కెట్ మూతపడుతుందని బెదిరించేవాడు. స్టూడియోలు చాలావరకు లొంగాయి. నాజీల పేరెత్తి పెద్ద స్టూడియో సినిమా తీయడానికి 1939 దాకా పట్టింది. ‘హై నూన్’లోని హోటల్ గుమాస్తాను మరచిపోలేదు కదా, స్టూడియో యజమానులు అప్పటికే ఆ వేషం వేసి చూపించారు.

1947లో, పైన చెప్పిన కమ్యూనిస్టుల వేటలో, అమెరికా చట్టసభ విచారణ సంఘం ముందు నోరు విప్పని సినిమావాళ్లు పదిమందికి తరువాత జైలు శిక్షలు పడ్డాయి. స్టూడియో అధిపతులు న్యూయార్క్‌లో ఒక హోటల్లో సమావేశమై వారికి పని ఇవ్వబోమని ప్రకటించారు. ఆ పదిమందిలో ఒకరైన డాల్టన్ ట్రంబో మారుపేర్లతోనూ మిత్రుల పేర్లతోనూ రాసి బతికాడు. ‘రోమన్ హాలిడే’ కథకు ఆస్కార్ మిత్రుడి పేరు మీద వచ్చింది. ‘ది బ్రేవ్ వన్’ కథకు ఆస్కార్ ఏ పేరుకు ప్రకటించారో ఆ పేరు గల రచయితే ఎక్కడా లేడు. ఈ మచ్చలన్నీ తెలిసే నేను ఆ సినిమాలు చూస్తాను. పక్కవేషాలు అంత సహజంగా రాయగలిగారంటే, వాళ్లు ఆ జనం మధ్యే భోంచేశారు కాబట్టి.

ప్రశ్న: ఇంతకీ మీరు ఏ నాయకుణ్ణి మనసులో పెట్టుకుని ఇదంతా రాస్తున్నారు?
(పాఠకుడు, లీలామహల్ కూడలి, తిరుపతి)

జవాబు: పేరు చెబితే పాఠకుల్లో సగంమంది ఈ పేజీ తిప్పేస్తారు, మిగతా సగంమంది పక్కింటివారికి గట్టిగా చదివి వినిపిస్తారు. రెండూ నాకు ఇష్టం లేదు. మీ కూడలికే ఒక సినిమా హాలు పేరు ఉంది. మీకు ఇంతకంటే విడమరచి చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: సినిమా వల్ల ఎక్కడైనా ఒక్క ప్రభుత్వమైనా మారిందా?
(దుకాణదారు, గాంధీ రోడ్డు, తిరుపతి)

జవాబు: మారలేదు. అయితే 1989 జూన్ 4న పోలండ్‌లో దశాబ్దాల కమ్యూనిస్టు పాలన తరువాత కొంతైనా స్వేచ్ఛగా జరిగిన ఎన్నికలకు, ఆ పాలనను ఎదిరించిన సాలిడారిటీ ఉద్యమం వేసిన గోడపత్రిక మీద ‘హై నూన్’ కథానాయకుడు గ్యారీ కూపర్ నడిచి వస్తుంటాడు. కోటు మీద ఉద్యమం బ్యాడ్జి, చేతిలో తుపాకి ఉండవలసిన చోట ఓటు కాగితం. పోటీకి పూర్తిగా తెరిచిన ఎగువ సభలో నూరు స్థానాలకు తొంభై తొమ్మిది ఆ ఉద్యమానికే వచ్చాయి. అది గోడపత్రిక పుణ్యమని ఎవరూ అనరు. కథానాయకుణ్ణి చూసి నేర్చుకునేది తక్కువని పైన మాస్టారికి రాసినదానికి ఇది ఎదురు సాక్ష్యమని మాత్రం ఒప్పుకోవాలి. ఆ రోజు వరసలో నిలబడి ఓటు వేసినవారంతా పక్కవేషాలవారేనని వాదించి నేను గెలవవచ్చు, కాని అది అతితెలివి అవుతుంది.

ప్రశ్న: మా డిగ్రీ విద్యార్థులకు ఇటువంటి సినిమా ఒక్కటి చూపించి చర్చ పెట్టాలనుకుంటున్నాను. ఏది మంచిది? వాటిలో ఈనాటి పిల్లలు నమ్మలేని సన్నివేశం ఏదైనా ఉందా?
(అధ్యాపకురాలు, చంద్రగిరి)

జవాబు: మేడమ్, మీ రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు, 1957 నాటి ‘ఎ ఫేస్ ఇన్ ది క్రౌడ్’. పల్లెటూరి జైల్లో పడి ఉన్న ఒక తాగుబోతు పాటగాడి గొంతును మార్షా అనే రేడియో యువతి రికార్డు చేసి ప్రసారం చేస్తుంది. అతని యాస, వెటకారం, పెద్దవాళ్లను లెక్కచేయనితనం జనానికి తెగ నచ్చుతాయి. రేడియో నుంచి టీవీకి, పనికిరాని మాత్రల ప్రకటనల నుంచి రాజకీయాలకు ఎదిగి, అధ్యక్ష పదవి ఆశించే సెనేటరుకు జనం మెచ్చేలా మాట్లాడడం నేర్పే స్థాయికి వస్తాడు. చివరికి ఒక రాత్రి కార్యక్రమం ముగుస్తుండగా, మైకు ఆగిందనుకుని, నవ్వుతూ చేయి ఊపుతూనే తన ప్రేక్షకులను వెర్రిగొర్రెలుగా తీసిపారేస్తాడు. అతణ్ణి తయారుచేసిన మార్షాయే పరుగున పోయి ఆ మైకు తెరుస్తుంది. దేశమంతా వింటుంది. అతను లిఫ్టు దిగేలోగా అభిమానులు మాయమవుతారు.

ఆ చివరి ఘట్టమే ఇప్పటి పిల్లలు నమ్మరు. మోసగాడి అసలు గొంతు ఒక్కసారి వినిపిస్తే జనం ఛీకొడతారని 1957లో రచయిత నమ్మాడు. పదహారేళ్ల ముందు వచ్చిన ‘మీట్ జాన్ డో’లో నియంత కాగోరిన పత్రికాధిపతి, జనం ముందు నిజం చెప్పబోతున్న అమాయకుడి మైకు తీగ తెంపిస్తాడు. ఒక సినిమాలో మైకు కట్టేయడం ఆయుధం, మరోదానిలో మైకు తెరవడం ఆయుధం. ఇవాళ మైకులన్నీ తెరిచే ఉన్నాయి. నాయకుడు దాచుకోవలసిన మాటను సభలోనే అంటాడు, అన్నందుకే చప్పట్లు పడతాయి. ఎందుకిలా అయిందన్నది మీ చర్చకు సరిపోయే ప్రశ్న.

ఇంకొక సంగతి పిల్లలకు ముందుగా చెప్పకండి, సినిమా అయ్యాక చెప్పండి. దర్శకుడు ఎలియా కజాన్ 1952లోనూ, రచయిత బడ్ షూల్‌బర్గ్ అంతకు ఏడాది ముందూ ఆ విచారణ సంఘం ఎదుట తమ పాత స్నేహితుల పేర్లు చెప్పినవారే. 1999లో కజాన్‌కు గౌరవ ఆస్కార్ ఇచ్చినప్పుడు హాల్లో కొందరు లేచి చప్పట్లు కొట్టారు, కొందరు చేతులు కట్టుకుని కూర్చుండిపోయారు. ఆ రెండు వరసల్లో తాము ఎక్కడ కూర్చునేవారో పిల్లలను కాగితం మీద రాయమనండి, పేర్లు రాయనక్కర్లేదు. సినిమా రెండు గంటలకు కాస్త పైన ఉంటుంది, చర్చకు ఇంకో గంట పడుతుంది. తిరుపతి నుంచీ పల్లెల నుంచీ వచ్చే పిల్లలకు బస్సులు దొరికేలా మధ్యాహ్నం ఒంటిగంటకే మొదలుపెట్టండి.